గురువారానికే నిండిన ఆదివారం

ఫిబ్రవరి 3, సోమవారం

ఉదయం 7:10. పేపరు ఆరో పేజీలో, కింది మూల, జుట్టు రాలకుండా ఆపే నూనెకీ అమ్మకానికి పెట్టిన పాత సోఫాకీ మధ్య ఇరుక్కుని ఒక ప్రకటన. ప్రభుత్వ ఆసుపత్రికి కంప్లయన్స్ ఆఫీసర్ కావాలి. రెండేళ్ల కాంట్రాక్టు. రిటైరైనవాళ్లూ అర్హులే. వయసు అరవై అయిదు నిండి ఉండకూడదు. ఆఖరి తేదీ 17, సాయంత్రం నాలుగు గంటలు.

మార్చి నాలుగుకి నాకు అరవై అయిదు నిండుతాయి. ఇది పోతే మరొకటి లేదు.

కంప్లయన్స్ ఆఫీసరంటే, రాసిపెట్టుకున్న నిబంధన ప్రకారం పని జరుగుతోందా లేదా అని చూసేవాడు. అదే ఆసుపత్రిలో ముప్పయ్యారేళ్లు నేను చేసింది ఆ పనే. కాకపోతే అప్పుడు నన్నెవరూ చెయ్యమనలేదు.

7:30. మా ఆవిడకి చూపించాను.

"రిటైరైన రోజు గేటు దాటుతూ, చచ్చినా మళ్లీ ఇందులో అడుగుపెట్టనన్నారు."

"రోగిగా పెట్టనన్నాను. ఆఫీసరుగా పెట్టనని అనలేదు."

"ఇంటర్వ్యూలో నోరు తెరిచిన రెండో నిమిషానికి మీ పాత పురాణం మొదలవుతుంది. ఎవరిస్తారండీ ఉద్యోగం?"

అందులో కొంత నిజముంది. కాబట్టి 8 గంటలకి నిర్ణయం. ఆఖరి తేదీ దాకా, రోజూ నాలుగు పనులు:

1. నడక, నలభై నిమిషాలు. (ఆసుపత్రికి అయిదంతస్తులు. లిఫ్టు ఎప్పుడూ పనిచెయ్యదు.)
2. ఆసుపత్రి నిబంధనల పుస్తకం, ఇరవై పేజీలు.
3. దరఖాస్తు, ఒక పేరా.
4. ఎవరినీ తిట్టకపోవడం.

స్కేలు పెట్టి చార్టు గీసి ఫ్రిజ్ తలుపుకి అంటించాను. చేసిన పనికి టిక్కు, చెయ్యనిదానికి ఇంటూ. వాటి పక్కన నా పొట్టి సంతకం. దాని పక్కన, సరిచూసినట్టు మా ఆవిడ సంతకం.

సాయంత్రం 7. నాలుగూ టిక్కులే. మా ఆవిడ గరిటె ఎడంచేతిలోకి మార్చుకుని సంతకం పెట్టింది. కళ్లు మాత్రం పొయ్యి మీదే ఉన్నాయి. చదివి పెట్టమన్నాను.

"నలభై ఏళ్లుగా మిమ్మల్నే చదువుతున్నాను" అంది.

ఫిబ్రవరి 4, మంగళవారం

6:00 లేచాను. 6:05 బూట్లు. ఇంత పొద్దున్నే ఇంతమంది దేన్నుంచి పారిపోతున్నారో తెలియదు గాని, పార్కు నిండుగా ఉంది.

6:25. ఎదురుగా నాలుగు డిగ్రీల మనిషి.

ఇతని గురించి రాయాలి. రాయడం తిట్టడం కిందికి రాదు.

ఇరవై రెండేళ్ల కిందట ఇతను మా ఆసుపత్రిలో ఫార్మసిస్టు. పిల్లల టీకా మందులు దాచే ఫ్రిజ్ ఇతని చేతికింద ఉండేది. అది రెండు డిగ్రీల కంటే చల్లబడకూడదు, ఎనిమిది కంటే వేడెక్కకూడదు. రోజుకి రెండుసార్లు థర్మామీటరు చూసి, తలుపుకున్న చార్టులో అంకె వెయ్యాలి. ఒక మంగళవారం పదకొండు గంటలకి ఏదో ఫైలు కోసం ఆ గదికి వెళ్లాను. శుక్రవారం సాయంత్రం దాకా అంకెలు వేసేసి ఉన్నాయి. అన్నీ నాలుగే.

ఫిర్యాదు రాశాను. ఎంక్వైరీ జరిగింది. ముందే ఎందుకు వేశావని అడిగితే అతను చెప్పిన జవాబు ఇప్పటికీ నా చెవిలో ఉంది: "నాలుగే ఉంటుందని నాకు నమ్మకమండీ."

తీర్పు: చార్టులో ఖాళీ గడి ఒక్కటీ లేదు, కనుక లోపమూ లేదు. కింద సూపరింటెండెంటు సంతకం. ఆయన ముందుకి ఏది తోసినా సంతకం పెట్టేవాడు. ఒకసారి చూద్దామని మా ఇంట్లో ఇస్త్రీకిచ్చిన బట్టల లిస్టు ఫైల్లో పెట్టాను. 'ఆమోదించడమైనది' అని రాసి మరీ పెట్టాడు. నెల తిరక్కుండా నన్ను సెల్లార్‌లో రికార్డు రూముకి మార్చారు. కిటికీ లేని గది. అక్కడే పందొమ్మిదేళ్లు. గోడ వైపు తిరిగి పుస్తకాలు చదువుకున్నాను. ఆరు అలమారల పుస్తకాలు. అందుకు మాత్రం ఆ సూపరింటెండెంటుకి రుణపడి ఉండాలి. ఉండను.

ఇవాళ తల పక్కకి తిప్పుకుని అతన్ని దాటాను. ఒక్క మాట అనలేదు. నాలుగో గడి, టిక్కు.

ఫిబ్రవరి 5, బుధవారం

దరఖాస్తులో మొదటి ప్రశ్న: ఈ ఉద్యోగానికి మీరెందుకు తగినవారు? అయిదువందల మాటలు మించకుండా.

ఉదయం 9:00. మొదలుపెట్టాను. చెయ్యి నదిలా పారింది.

9:40. నాలుగువందల ఎనభై మాటలు. చదువుకుని చూస్తే అందులో నా గురించి ఇరవై. మిగతావన్నీ సూపరింటెండెంటు గురించి.

మంచి వచనం. కొట్టెయ్యడానికి మనసొప్పలేదు. విడిగా తీసి 'అనుబంధం 1' అని పేరు పెట్టాను.

నాలుగు టిక్కులు.

ఫిబ్రవరి 6, గురువారం

వాన. వరండాలో నడిచాను. ఇటు ఏడడుగులు, అటు ఏడడుగులు. జైలు నవలల్లో ఇదంతా గొప్పగా ఉంటుంది. మనం నడిస్తే తల తిరుగుతుంది. పద్దెనిమిది నిమిషాలకి ఆపేశాను. రౌండు చేస్తే నలభై.

దరఖాస్తులో ఏడో ప్రశ్న: మీరు స్వయంగా ఒక నిబంధన పాటించని సందర్భం ఏది? దాన్నుంచి ఏం నేర్చుకున్నారు?

'వర్తించదు' అని రాశాను. ఆ అక్షరాలు ఎంత గుండ్రంగా కుదిరాయో, కాసేపు చూస్తూ కూర్చున్నాను.

ఫిబ్రవరి 8, శనివారం

చిక్కు. మన పని దగ్గర్నుంచి చూసిన పాత సహోద్యోగి ఎవరైనా సిఫారసు లేఖ ఇవ్వాలట. లిస్టు వేశాను.

లిఫ్టు ఆపరేటరు. మంచివాడు. పోయాడు.

హెడ్ నర్సు. ఆవిడ వార్డు గడియారం ఏడు నిమిషాలు వెనక నడుస్తోందని నోటీసు బోర్డులో పెట్టినప్పట్నుంచి మాటల్లేవు.

అకౌంటెంటు. బతికే ఉన్నాడు. ఏం చేస్తాం.

మత్తు డాక్టరు. ఫోన్ చేశాను. నా గొంతు వినగానే పెట్టేశాడు. మళ్లీ చేస్తే, ఆయన లేరు, పోయారు అని ఆయన గొంతుతోనే చెప్పాడు.

మా ఆవిడ పక్కనే కూర్చుని బట్టలు మడతపెడుతోంది. "ఆ ఫార్మసీ అన్నయ్యగారిని అడగనా? పార్కులో కనిపిస్తే పాపం ఎప్పుడూ పలకరిస్తారు."

"అతన్ని అడిగితే నేనీ ఇంట్లో ఉండను."

"ఎక్కడికెళ్తారు?"

గుమ్మం దాకా వెళ్లి వెనక్కొచ్చాను.

తరవాత పావుగంట అతన్ని తిట్టాను. అయితే ఇంట్లో తిట్టుకోవడం లెక్కలోకి రాదు. టిక్కు.

ఫిబ్రవరి 9, ఆదివారం

మా అమ్మాయి వచ్చింది. హైస్కూల్లో టీచరు. ఎర్ర పెన్ను లేకుండా ఏదీ చదవలేదు. దరఖాస్తు చేతిలో పెట్టాను.

"నాన్నా, ఇది దరఖాస్తా, ఛార్జిషీటా?"

"ఎందుకొచ్చింది అనుమానం?"

"అయిదువందల మాటలన్నారు. ఇవి ఇరవై మూడు పేజీలున్నాయి."

"మాటలు అయిదువందలే. మిగతావి అనుబంధాలు. తొమ్మిది."

"లిఫ్టు ఎన్ని రోజులు ఆగిపోయిందో ఉంది. గడియారం ఉంది. మత్తు డాక్టరు మధ్యాహ్నం పడుకునే గది నంబరు కూడా ఉంది. ఇందులో నువ్వెక్కడున్నావు నాన్నా?"

"ప్రతి పేజీ కిందా నా సంతకముంది, చూడు."

పెన్నుకి మూతపెట్టి, తల్లి వైపు చూసింది. తల్లీకూతుళ్ల మధ్య ఆ చూపులు నేనెప్పుడూ కనిపెడుతూనే ఉంటాను.

ఫిబ్రవరి 10, సోమవారం

ఉదయం 8:15. కొత్త వారం, కొత్త చార్టు.

ఒక సంగతి గమనించాను. నాలుగు పనులూ అలవాటయ్యాయి. ఇక రోజూ పెన్ను వెతుక్కోవడం, పెన్ను దొరికితే కళ్లద్దాలు వెతుక్కోవడం, మా ఆవిడని పొయ్యి దగ్గర్నుంచి పిలవడం, అంతా వృథా శ్రమ. అందుకని ఆదివారం దాకా టిక్కులు ఇవాళే పెట్టేశాను. చెయ్యబోయే పనులే కదా. చేస్తానని నాకు నమ్మకం.

మా ఆవిడ, "అయితే ఈ వారమంతా నన్ను పిలవరు కదా?" అని అడిగి, ఏడు సంతకాలూ వరసగా గీకేసింది.

పది నిమిషాలు కలిసొచ్చాయి. ఆ పది నిమిషాలు నడుం వాల్చాను.

11:30. లేచాను.

ఫిబ్రవరి 11, మంగళవారం

నడక లేదు. బూట్లు తడిగా ఉన్నాయి. (మొన్న గురువారం వాన.)

ఫిబ్రవరి 12, బుధవారం

నిబంధనల పుస్తకం కనిపించలేదు.

సాయంత్రం 5:00. కనిపించింది. వంటింటి కిటికీ కొట్టుకోకుండా మా ఆవిడ అడ్డం పెట్టింది. బాగా ఆపుతోంది. కదపలేదు.

చార్టు మాత్రం నిండుగా, చూడముచ్చటగా ఉంది.

ఫిబ్రవరి 13, గురువారం

సాయంత్రం 4:30. బెల్లు మోగింది. తలుపు తీస్తే నాలుగు డిగ్రీల మనిషి. చేతిలో బిస్కట్ల డబ్బా.

"అమ్మగారు రమ్మన్నారండీ. సిఫారసు లేఖేదో కావాలని."

వెనకనుంచి మా ఆవిడ గొంతు. "రండి అన్నయ్యగారూ. ఆయన ముఖం అలాగే ఉంటుంది, మీరు కూర్చోండి. చల్లటి నీళ్లు కావాలంటే ఫ్రిజ్‌లో ఉన్నాయి, కాస్త మీరే తీసుకోండి, నా చేతులు సబ్బుగా ఉన్నాయి."

వంటింట్లోకి వెళ్లాడు. ఎంతకీ రాలేదు. ఫ్రిజ్ తలుపు తీసిన చప్పుడూ లేదు. వెళ్లి చూశాను.

కళ్లద్దాలు పెట్టుకుని నా చార్టు చదువుతున్నాడు. పాత అలవాటు. తలుపు మీద కాగితం ఉంటే అది చదవందే ఫ్రిజ్ తియ్యడు కాబోలు.

"ఇవాళ గురువారమే కదండీ?" అన్నాడు.

"అవును."

"ఆదివారం నడిచేశారే."

ఖాళీ గ్లాసు అందించాను. అతను చూడలేదు.

"ఎవరినీ తిట్టకపోవడం, శుక్ర, శని, ఆది. మూడూ అయిపోయాయి." వేలితో ఒక్కో గడీ తడుముతున్నాడు. "ముందే ఎందుకు పెట్టారండీ?"

వెటకారంగా అడిగినా బాగుండేది. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు.

"చేస్తానని నాకు నమ్మ..." అని, మధ్యలో ఆగాను.

అతని భుజాలు కదలడం ముందు చూశాను. తరవాత కళ్లద్దాలు తీసేశాడు. తరవాత స్టూలు మీద కూలబడిపోయాడు. సింకు దగ్గర మా ఆవిడ సబ్బు చేతులతో నోరు మూసుకుని, నోటినిండా నురగతో నవ్వుతోంది.

"ఇరవై రెండేళ్లండీ," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "ఇరవై రెండేళ్లకి విన్నాను ఈ మాట మీ నోట."

గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాను.

6:00. వెళ్లిపోయాడు. బిస్కట్లు వదిలేసి వెళ్లాడు. బాగున్నాయి. అది వేరే సంగతి.

ఫిబ్రవరి 14, శుక్రవారం

దరఖాస్తు పెట్టడం లేదు. చార్టు చింపేశాను. అనుబంధాలు తొమ్మిదీ అలమారలోకి.

మా ఆవిడ చెత్తబుట్టలో ముక్కలు చూసింది. "చింపేస్తే ఏం లాభం? ఆదివారం దాకా అన్నీ చేసేశారుగా."

ఫిబ్రవరి 15, శనివారం

6:20. ఖాళీ డబ్బా తిరిగి ఇచ్చెయ్యడానికి పార్కుకి వెళ్లాను. నడవడానికి కాదు.

బెంచీ మీద ఉన్నాడు. డబ్బా ఇచ్చాను. కూర్చోమన్నాడు. మోకాళ్లు నొప్పిగా ఉండి కూర్చున్నాను.

"ఆ ఎంక్వైరీ తరవాత నేను రోజుకి రెండుసార్లు థర్మామీటరు చూశానండీ. రిటైరయ్యేదాకా."

"ఎందుకు? గెలిచింది మీరే కదా."

"గెలిచాను. కానీ ఆ ఫ్రిజ్ దగ్గరికి వెళ్తే చాలు, నా వెనకాల మీరు చేతులు కట్టుకుని నిలబడ్డట్టుండేది. ఏడో ఏడు, ఒక సోమవారం పొద్దున చూస్తే పదమూడు డిగ్రీలు. ఆదివారం నాకు సెలవు, గది తుడిచినవాళ్లెవరో ప్లగ్గు లాగేసి మళ్లీ పెట్టలేదు. ఆవేళ టీకాలకి నూటపది మంది పిల్లలు వరసలో ఉన్నారు. ఉన్న మందంతా పక్కన పెట్టించి, రేపు రండమ్మా అని అందర్నీ పంపేశాను. ఆ తల్లులు తిట్టిన తిట్లు, నిజం చెబుతున్నాను, మీకు కూడా రావు."

"చార్టులో ఏం వేశారు?"

"పదమూడు. ఎర్ర సిరాతో, పెద్దగా. మీరు చూస్తారని."

"నేనా?"

"చార్టులు నెలాఖరుకి రికార్డు రూముకే కదండీ వచ్చేది. ఈయన చూస్తాడు, మెట్లెక్కి వస్తాడు, ఏదో ఒకటి అంటాడు, ఆ వంకతో మాటలు కలుస్తాయి అనుకున్నాను. ఎంతకీ రాలేదు. ఒకరోజు నేనే కిందికి దిగాను. మీరు గోడ వైపు తిరిగి చదువుకుంటున్నారు. ఆ నెల కట్ట ర్యాకులో ఉంది. పైన 'సరిచూశాను' అని మీ సంతకం. కట్టిన ముడి కట్టినట్టే ఉంది. చప్పుడు చెయ్యకుండా పైకెళ్లిపోయాను."

నిజమే. ఆ ఒక్క కట్ట కాదు. పందొమ్మిదేళ్ల ఫ్రిజ్ కట్టలన్నిటి మీదా నా సంతకముంది, ఒక్కటీ విప్పలేదు. విప్పితే మళ్లీ నాలుగులు కనబడతాయి, ఒళ్లు మండుతుంది. లోపలున్నవన్నీ నాలుగేనని నాకు నమ్మకం.

అటు నవ్వులు నేర్చుకునే క్లబ్బువాళ్లు చేతులెత్తి నవ్వుతున్నారు. వాళ్ల మీద కూడా కోపం రాలేదు. ఆ పూట ఒంట్లో బాగాలేదేమో.

"లేఖ రాస్తారా?" అన్నాను.

"రాసి రెండు రోజులైందండీ." చొక్కా జేబులోంచి తీశాడు. "తేదీ మాత్రం వెయ్యలేదు. మీరు చూస్తుండగా వేద్దామని."

చూస్తుండగానే వేశాడు. లేఖ మూడు వాక్యాలు. ఈయనతో పనిచెయ్యడం చాలా కష్టం. ఈయన నా మీద ఫిర్యాదు చెయ్యబట్టి నూటపది మంది పిల్లలకి పాడైన మందు పడలేదు. రెండూ నిజమే.

ఫిబ్రవరి 16, ఆదివారం

ఏడో ప్రశ్నలో 'వర్తించదు' కొట్టేశాను. గుండ్రటి అక్షరాలు, జాలేసింది. దాని కింద పదకొండు వాక్యాలు రాశాను. కట్టలు, ముడి, సంతకం, ఎర్ర సిరా పదమూడు.

మా అమ్మాయి చదివి, ఎర్ర పెన్ను తియ్యకుండానే తిరిగిచ్చింది. "ఇప్పుడు ఉన్నావు నాన్నా ఇందులో" అంది.

అనుబంధాలు అలమారలోనే ఉన్నాయి. చింపలేదు. నేను మారిపోయానని ఎవరైనా అనుకుంటే వాళ్ల ఇష్టం.

ఫిబ్రవరి 17, సోమవారం

మధ్యాహ్నం 3:10. ఆసుపత్రి ఆఫీసు, తపాలా తీసుకునే కౌంటరు. అవతల ఒక అమ్మాయి, ఫోన్ మాట్లాడుతూనే నా కవరు లాక్కుని ఠపీమని స్టాంపు వేసింది.

నేను చూసేవాణ్ణి. చూశాను. 18 ఫిబ్రవరి.

"అమ్మా, ఇవాళ పదిహేడు."

"రేపటికి తిప్పి పెట్టేశానండీ. మూడు దాటాక ఎవరూ రారని నాకు..."

ఆ మాట చివర ఏ పదం వస్తుందో నాకు బాగా తెలుసు. అందించలేదు.

"పద్దెనిమిది పడితే నా దరఖాస్తు ఆలస్యమైనట్టు. ఆలస్యమైతే తెరవరు. నాకిక వయసు లేదు. నువ్వు దాన్ని వెనక్కి తిప్పి, ఇది కొట్టేసి, మళ్లీ వేసి, పక్కన సంతకం పెట్టి, టైము రాయాలి. నేను నిలబడతాను. తొందరేం లేదు."

ఫోన్ పెట్టేసింది. తిప్పింది. కొట్టేసింది. వేసింది. పెట్టింది. 3:16 అని రాసింది. నా వైపు అనుమానంగా చూసింది.

"మీరెవరండీ, ఇన్‌స్పెక్షనా?"

"ఇంకా కాదు" అన్నాను.

సాయంత్రం 6:30. కొత్త చార్టు గీశాను. ఇంటర్వ్యూకి పిలిచేదాకా, రోజూ నాలుగు పనులు. ఇవాళ మొదటి రోజు. ఒక్క వరసే నింపాను.

నడక: ఆఫీసు నుంచి నడిచే వచ్చాను. టిక్కు.

పుస్తకం: కిటికీలోంచి తీశాను. ఇరవై పేజీలు. కిటికీ కొట్టుకుంటోంది. టిక్కు.

దరఖాస్తు: ఇచ్చేశాను. టిక్కు.

ఎవరినీ తిట్టకపోవడం: దారి పొడుగునా ఆ స్టాంపు అమ్మాయిని, ఆ అమ్మాయికి ఆ స్టాంపు ఇచ్చినవాణ్ణి, వీళ్లిద్దరికీ ఆ అలవాట్లు మప్పిన పాత సూపరింటెండెంటుని తిట్టాను. ఇంటూ.

ఈ ఇంట్లో నేను పెట్టుకున్న మొదటి ఇంటూ. చక్కగా కుదిరింది.

మా ఆవిణ్ణి పిలిచాను. ఈసారి చేతులు తుడుచుకుని, నా కళ్లద్దాలే తీసి పెట్టుకుని, పైనుంచి కిందిదాకా చదివింది.

"నడక ఎన్ని నిమిషాలు?"

"నలభై."

"ఆఫీసు నుంచి ఇంటికి పాతికే."

నా చేతిలో పెన్ను తీసుకుని, మొదటి టిక్కుని ఇంటూ చేసి, పక్కన సంతకం పెట్టింది. మిగిలింది నడిచొస్తే మళ్లీ మారుస్తానంది. వచ్చాకట. ముందు కాదట.

పదిహేను నిమిషాలు. బూట్లు వేసుకుంటున్నాను.